జెంటూ పద సంగ్రామము

అది ఆదివారము. భాగ్యనగర మధ్యమున, ఆబిడ్స్ రాజవీథిలో దుకాణముల షట్టర్లన్నియు గాఢనిద్రలో నుండగా, వాటి ముంగిట ఫుట్‌పాత్‌పై పాతపుస్తకములు కోటగోడలవలె లేచిన శుభముహూర్తము.

అంతట చర్చిలో ఆరాధన ముగించుకొని, నలువది వత్సరములు ఇంగ్లీషు బోధించి ఏ శిష్యుని ఎదుటను 'తెలియదు' అని పలికి యెరుగని పదకోశ భయంకరుడు, నాంపల్లి నివాసి, హెర్బర్ట్ మాస్టారు వేంచేసెను. జెంటూ అను ఇంగ్లీషు మాటకు పెంగ్విన్ పక్షి యని అర్థమని ఆయన వాదము. కాదు, దొరలు మన తెలుగువాళ్లకే ఆ పేరు పెట్టిరని బట్టల వ్యాపారి రామచందర్ ప్రతివాదము. ఓడినవాడు నడిబజారులో 'నాకు తెల్వదు' అని ఒప్పుకొనవలెనని పందెము. మాస్టారికి ప్రాణము పోయినను ఆ రెండు మాటలు నోట రావు.

నిలబడి చదివితే ఊరకుండనని పుస్తకాల మొగులయ్య గుడ్లురిమినను లెక్కింపక, మాస్టారు ఇటుకవలె బలిసిన నిఘంటువును తెరచెను. హతవిధీ! జెంటూ అనునది 'అన్యజనుడు' అను అర్థము గల పోర్చుగీసు మాట నుండి పుట్టినదట; తొలుత హిందువులకు, పిదప తెలుగువారికిని వారి భాషకును ఆంగ్లేయులు తగిలించిన పేరట. పెంగ్విన్ చిట్టచివర నుండెను. ప్రతివారము క్రీస్తును ఎరుగని అన్యజనుల కొరకు ప్రార్థించు ఆ చర్చి పెద్ద ఆ వరుసను మరల మొదటినుండి చదివెను.

అంతలో గన్‌ఫౌండ్రీ దిక్కు నుండి రామచందర్ రానే వచ్చెను. తోడనే మాస్టారి కుడిచేతి బొటనవేలు, మావటి మాట వినని మదగజమువలె కదలి, పై అర్థములన్నింటిపై కూర్చుండి పెంగ్విన్‌ను మాత్రము మిగిల్చెను.

రామచందర్ వంగి చూచెను. "పెంగ్విన్ అనే రాసున్నది సార్. మీ మాటే నిజం. నాకు తెల్వదు."

వేలి కింద ఏమున్నదని అడుగనైనా అడుగలేదు. ఆ నమ్మకము మాస్టారి గుండెలో ముల్లై దిగెను.

"ఓరీ అంగుష్ఠాధమా!" యని ఆయన లోలోన గర్జించెను. "నలువది యేండ్లు పరుల తప్పుల కింద ఎర్రగీతలు గీసిన నీవు, నేడు నిజము మీద కూర్చుంటివా? లెమ్ము!"

వేలు పెనుగులాడెను, తుదకు లేచెను.

"జర ఆగున్రి రామచందర్‌గారూ. నాకే తెల్వదు. గీడ చదువున్రి."

చదివిన రామచందర్ పకపక నవ్వెను. "అన్యజనులంటే మీ చర్చిల మేమే గద సార్. తెలుగోళ్లంత జెంటూలే అని దొర మిమ్మల్ని గూడ మా బెంచీ మీదనే కూసోబెట్టిండు."

మాస్టారు సిగ్గుపడి, పిదప తానును నవ్వెను. ఇట్లు హెర్బర్ట్ మహావీరుడు, సకల పుస్తక విక్రేతలు సాక్షులుగా, స్వకీయ అంగుష్ఠమును ఒక్క అంగుళము పక్కకు జరిపి దిగ్విజయము సాధించెను.