అర్జీల మీద పూసిన మొండిమొక్క

రండి, ఇలా దగ్గరికి జరగండి. కిటికీ పక్కనున్నవాళ్లు ఆ కబుర్లు కాసేపు కట్టిపెట్టండి. ఫోనులో ఉన్నాయన మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేయండి. నేను చెప్పేది అక్షరాలా నిజం. నాకు అక్షరాలు రావు గానీ నిజం మాత్రం బాగా వచ్చు.

అనగనగా ఒక ఆఫీసు. కుళాయి పాడైనా, వీధి దీపం వెలగకపోయినా జనం అర్జీ పట్టుకుని అక్కడికే వెళ్లేవారు. ఆఫీసు ముందు రాళ్లు పేర్చిన ఒక మడి, మడి నిండా ఒకటే జాతి మొక్క. జానెడు ఎత్తు, బొద్దుబొద్దు ఆకులు. నీళ్లన్నీ ఆ ఆకుల్లోనే దాచుకుని రాళ్ల సందుల్లో దర్జాగా బతికేస్తుంది. నర్సరీవాళ్లు దాన్ని సీడమ్ అంటారట. అక్కడి తోటమాలి మాత్రం మొండిమొక్క అనేవాడు. ఎండకి చావదు, చలికి చావదు. ఒకసారి మడి మీదికి లారీ ఎక్కితే, వారం తిరిగేసరికి టైరు గాడుల్లో మొలకలొచ్చాయి. ఆ లారీ ఇప్పటికీ పూలతోనే తిరుగుతోందని చూసినవాళ్లు చెప్తారు.

దానికి ఉన్న శత్రువు ఒక్కటే: ప్రేమ. నీళ్లు ఎక్కువ పోస్తే కుళ్లి చస్తుంది. అందుకని తోటమాలి ఉద్యోగమల్లా మడి పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం, ఎవరైనా జాలిపడి నీళ్ల సీసా మూత తీస్తే చెయ్యి పట్టుకుని ఆపడం. పన్నెండేళ్లు ఆ పని నిష్ఠగా చేశాడు. ఏటా మడి గులాబి రంగు దుప్పటి కప్పినట్టు పూసేది.

అప్పుడు కొత్త ఆఫీసరుగారు వేంచేశారు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఏమీ చెయ్యట్లేదండి. పొద్దుట్నించీ అదే పని. టీ తాగడానికి కూడా లేవలేదు."

ఆఫీసరుగారు నొచ్చుకున్నారు. ఆ భవనంలో ఏమీ చెయ్యకుండా కూర్చునే హక్కు చేతులున్న కుర్చీవాళ్లకే ఉంది, స్టూలువాళ్లకి లేదు. మధ్యాహ్నానికల్లా తోటమాలి ఉద్యోగం ఊడింది.

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిడ చేతిలో చీపురు పక్కన పెట్టింది.

"ఏమీ చెయ్యకపోవడం ఉద్యోగమా? అయితే ఇంట్లో కూడా నువ్వు డ్యూటీలోనే ఉన్నావన్నమాట! అనవసరంగా ఇన్నేళ్లూ తిట్టిపోశాను."

"ఇప్పుడేం చెయ్యమంటావే?"

"అర్జీ పెట్టు. నీకు వచ్చిన పని ఇంకెక్కడా లేదు. ఆ ఉద్యోగం రాకపోతే రోజంతా నా కళ్లెదుటే ఉంటావు. నావల్ల కాదయ్యా బాబూ!"

ఆఫీసు గుమస్తా మంచివాడు, అర్జీ తనే రాసిపెట్టాడు.

"రుజువేమైనా ఉందా బాబాయ్?"

తోటమాలి మడిలోంచి ఒక కొమ్మ తుంచి, అర్జీకి క్లిప్పుతో బిగించాడు. "ఇదే రుజువు. దీన్నెవ్వరూ ముట్టుకోకండి, నీళ్లు చూపించకండి. బతికితే నా ఉద్యోగం నాకిచ్చెయ్యండి."

"ముట్టుకోకుండా ఉంచడంలో మా ఆఫీసుని మించినవాళ్లు లేరు బాబాయ్. నిశ్చింతగా వెళ్లు" అని గుమస్తా ఆ కాగితాన్ని అర్జీల గదిలో కిటికీ కిందున్న బీరువా మీద పెట్టాడు.

ఇక్కడ మడికి సంరక్షణ సంఘం ఏర్పడింది. ఒకరు పొద్దున నీళ్లు పోసేవారు, ఒకరు సాయంత్రం పోసేవారు. ఆ ఇద్దరూ పోశారో లేదో అనుమానం రాకుండా మూడో ఆయన మధ్యాహ్నం పోసేవారు. ఎండ తగలకుండా గొడుగులు పెట్టారు. పది రోజులకి ఆకులు నానిన సబ్బుముక్కల్లా జారిపోయాయి. సంఘం తక్షణం సమావేశమై, నీళ్లు చాలడం లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తర్వాత మడిలో మొక్కలు మిగల్లేదు, ఒక జత కప్పలు మాత్రం కాపురం పెట్టాయి.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది: మడి అందం చూడటానికి పై ఆఫీసరుగారు వస్తున్నారు. మన ఆఫీసరుగారికి ముచ్చెమటలు పట్టాయి. గొడుగులైనా దాచుదామని గుమస్తా అర్జీల గది తలుపు తోశాడు. తోసినవాడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

గదంతా పూలు! ఆ ఒక్క కొమ్మే అర్జీ మీదున్న దుమ్ములో వేళ్లు దించి, పక్క కట్టకి పాకి, బీరువా దిగి, ఇంకో బీరువా ఎక్కింది. అన్నేళ్ల దుమ్ము, కిటికీ ఎండ, చుక్క నీళ్లు లేవు, మనిషి చెయ్యి తగల్లేదు. ఇంకేం కావాలి? మురుగుకాల్వ అర్జీల మీద ఆకులు బలిశాయి. రోడ్డు గుంతల అర్జీలు మరీ పాతవి కాబట్టి వాటి మీద మొక్క పొదే కట్టింది.

పై ఆఫీసరుగారు వచ్చి, చూసి, గొంతు సవరించుకున్నారు. "ప్రజల కోరికలు వికసించడమంటే ఏమిటో ఈ రోజు కళ్లారా చూశాను. ఈ అర్జీలను తెరిచే దుస్సాహసం ఎవరూ చెయ్యరాదు. ఇది కాగితాల గది కాదు, ప్రజాస్వామ్య ఉద్యానవనం!" చప్పట్లకి కప్పలు కూడా గెంతాయి.

ఆఫీసరుగారు తోటమాలిని పిలిపించారు. కాపలాకి మనిషి కావాలి కదా.

"నా కొమ్మ బతికిందండి. మరి నా ఉద్యోగం?" అన్నాడు తోటమాలి.

"నీ అర్జీ తెరిచి చదివితేగానీ ఇవ్వలేం. మొక్క కుదురంతా నీ అర్జీ మీదే ఉంది. దాన్ని కదపకూడదు."

"భలేవారండీ! దీన్నెక్కడ తుంచి పడేసినా బతుకుతుంది. ఆ కాగితం నిక్షేపంగా లాగేసుకోవచ్చు."

"మొక్కల గురించి నీకేం తెలుసయ్యా?" అని ఆఫీసరుగారు గద్దించారు. "రేపట్నించి వచ్చి స్టూలు వేసుక్కూర్చో. చేరినట్టూ కాదు, చేరనట్టూ కాదు."

ఇంటి దగ్గర భార్య గుమ్మంలోనే అడిగింది. "వచ్చిందా?"

"మొలకెత్తిందే. వేళ్లు పట్టాలి."

"పోనీలే, పగలు ఇంట్లో ఉండవు కదా! నాకు అదే చాలు."

మర్నాటి నుంచి జనం ఎగబడ్డారు. గొడవకనుకునేరు. ఎవరి అర్జీ మీద ఎన్ని పూలు పూశాయో చూసుకోవడానికి! తమ వీధి చీకటి మీద ఆరు గుత్తులు పూశాయని ఒకాయన మీసం తిప్పాడు. మా మురుక్కాల్వకి మొగ్గలు చూడండర్రా అని ఒకావిడ పిల్లల్ని ఎత్తి చూపించింది. ఆ వరసలో చివర ఒక పెద్దమనిషి కండువాతో కళ్లు ఒత్తుకుంటూ నిలబడ్డాడు. ఏమైందండీ అని తోటమాలి అడిగితే బావురుమన్నాడు.

"మా కుళాయి వారం తిరక్కుండా బాగుచేసి పోయారు బాబూ! అందరి అర్జీలూ పూస్తుంటే నాదొక్కటే తేల్చేశారు. నేనేం పాపం చేశాను?"