గస్తీ విమానానికి వీడ్కోలు

ఆ ఉదయం గడియారాల మెకానిక్ దుకాణం తెరవలేదు. సైన్యం వారి పాత పంకాల విమానం, గస్తీ తిరిగి తిరిగి అలిసిపోయినది, ఊరి మీదుగా ఆఖరిసారి ఎగిరి మ్యూజియానికి వెళ్లిపోతోంది. డాబా ఎక్కి దాన్ని సాగనంపాలి. కుర్రతనంలో ఒకసారి మబ్బుల సందున దాని తోక చూశాడు. చూసింది తోకే అయినా, పెళ్లయిన నాటి నుంచీ భార్యకు చెబుతున్నది మాత్రం విమానమంతా.

"వెళ్లిపోయేదాన్ని చూడ్డం దేనికండీ, దిగులు కాకపోతే?" అందామె కూర తరుగుతూ.

"చూడకపోతేనే దిగులు," అంటూ ఆయన మెట్లెక్కాడు.

విమానాల పిచ్చివాళ్లకు ఒక పద్ధతి ఉంది: ముందు చెవి, తర్వాత కన్ను. ఆయన డాబా మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తూ ఇంజను మోత కోసం చెవులు రిక్కించాడు.

పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఇల్లాలు అది చూసి కెవ్వుమంది. "వదినా! అన్నయ్యగారు పడిపోయారు!"

భార్య పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకాలే వీధి వీధంతా వచ్చింది.

"ఏమండీ, పలకండి!"

పలికితే మోత వినబడదు. ఆయన కళ్లు తెరవకుండానే, ఊరుకోమని చెయ్యి ఊపాడు.

"అయ్యో, మాట పడిపోయింది! ఒక చెయ్యే ఆడుతోంది!" అంది పక్కింటావిడ.

ఆయన ఒళ్లుమండి రెండో చెయ్యీ ఊపాడు.

"ఫిట్స్ కూడానే తల్లీ!"

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీద పట్టీలు బిగించి వీధిలోకి దింపాక గాని ఆయన నోరు విప్పలేదు. "వదలండర్రా! అదిగో, వచ్చేస్తోంది!"

"ఏం వస్తోంది బాబాయ్?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"పైనుంచి! నా కోసం ఆగదయ్యా, వెళ్లిపోతుంది!"

జనం కళ్లొత్తుకున్నారు. ఆయన్ని లోపలికి తోసి తలుపు ధడాలున మూశారు.

అప్పుడొచ్చింది విమానం. ఇళ్ల కప్పులు రాసుకుంటున్నంత కిందుగా, కిటికీలు గడగడలాడిస్తూ వచ్చింది. వీధంతా నోరు తెరిచింది. జన్మలో ఆకాశం వైపు తలెత్తని భార్య, అది కనుమరుగయ్యేదాకా కొంగు ఊపుతూ నిలబడిపోయింది. ఆ తర్వాతే తలుపు తెరిచింది.

"వెళ్లిపోయిందా?" అన్నాడాయన పట్టీల మధ్య నుంచి.

"వెళ్లింది. మీ బదులు నేను సాగనంపాను. అబ్బ, ఎంత బాగుందండీ! ఆ బానపొట్టతో అసలెలా ఎగురుతుందో!"

ఆయన స్ట్రెచర్ ఊగిపోయేలా నవ్వాడు. "మొత్తం చెప్పు. ముక్కు దగ్గర్నుంచి మొదలెట్టు."

ఆనాటి నుంచీ చెప్పేది ఆమె, వినేది ఆయన. దానికి ఇంజన్లు మూడని ఆమె అంటుంది. నాలుగని ఆయనకు తెలుసు. కాని కళ్లారా చూసిన మనిషితో వాదించడం మర్యాద కాదు.