కాలరు లోపలి చీటీ

ఆ రోజు చిన్న టైలరు ఒక గంట ముందే కొట్టు తెరవాలనుకున్నాడు. వీధికి అటుపక్కన కొట్టున్న పెద్ద టైలరు మొన్న అటక మీది గుడ్డల తాను దించబోయి నిచ్చెనతో సహా పడ్డాడు. తొడ ఎముక రెండు ముక్కలైంది. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆ తలుపు మూసే ఉంటుంది. మూసిన తలుపు ముందు నిలబడ్డవాడు వెనక్కి తిరిగితే ముందుగా కనిపించేది చిన్న టైలరు కొట్టే. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరిదీ ఎదురెదురు వ్యాపారం. అటు పదిమంది వెళితే ఇటు ముగ్గురు వచ్చేవారు.

తాళం తీస్తుండగానే పెద్ద టైలరు భార్య వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి.

"మరిదీ, రేపు పొద్దున్నే ఆపరేషన్. అయిదుగురు రక్తమిస్తేగాని చెయ్యరట. ఆలస్యమైతే కాలికి పట్టిన విషం ఒళ్లంతా పాకుతుందట, మనిషి దక్కడట. నేను ఆయన పక్కనుంచి కదల్లేను. ఇదిగో తాళంచెవి. కుట్టిన బట్టలు ఇవాళ ఇస్తానని మాటిచ్చాడు. వచ్చినవాళ్లకి ఇచ్చేసి, రక్తం సంగతి కూడా నువ్వే అడుగు నాయనా."

"అదెంత మాట వదినా! నువ్వు నిశ్చింతగా వెళ్లు."

ఆమె అటు వెళ్లగానే, అరుగు మీద కూర్చుని కాజాలు కుడుతున్న అతని భార్య తలెత్తింది.

"ఎప్పుడూ లేనిది, ఇంత మంచితనమేంటండీ?"

"మంచితనమేనే. కాకపోతే ముప్పైమంది మన గడప తొక్కుతారు. ప్రాణం ఆయనకి, పరిచయం మనకి. ఎవరికి నష్టం చెప్పు?"

బట్టలన్నీ ఇటు మోసుకొచ్చాడు. మూసిన తలుపు మీద 'బట్టలు ఎదురు కొట్టులో' అని రాసి అతికించాడు. పదిన్నరకల్లా నలుగురొచ్చారు. హెడ్మాస్టరు, మాంసం కొట్టాయన, బ్యాంకు మేడమ్, పోస్టుమాస్టరు. రక్తం సంగతి చెప్పగానే నలుగురూ సరేనన్నారు. అయిదోవాడి కోసం చిన్న టైలరు వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. తనవైపు మాత్రం చూసుకోలేదు.

ఇక బట్టలివ్వాలి. పెద్ద టైలరుకు బట్టల మీద పేరు రాసే అలవాటు లేదు. ప్రతిదానికీ కాలరు లోపల, జాకెట్టయితే మెడ పట్టీ లోపల, ఒక చీటీ గుచ్చుతాడు. ఇచ్చేముందు తీసి చించేస్తాడు. ఈ చించే సంగతి చిన్న టైలరుకు తెలియదు. ఎవరివో పోల్చుకోవడానికే ఆ చీటీలనుకుని, కళ్లజోడు సర్దుకుని, అందరికీ వినబడేలా చదివాడు.

"కోటు. కొలిచేటప్పుడు ఊపిరి బిగబడతాడు. పొట్టకు రెండంగుళాలు కలుపు. ఎవరిదండీ ఇది?"

 మిగతా ముగ్గురూ హెడ్మాస్టరు వైపు తిరిగారు. ఆయన అప్పుడు కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

మాంసం కొట్టాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు రెండో చీటీ దాకే నిలిచింది. "చొక్కా. మెడ లేదు. ఉన్నట్టు కనిపించేలా కాలరు కుట్టు."

"ఏంటీ, నాకు మెడ లేదా? ఇంత తలకాయ దేని మీద నిలబడిందయ్యా మరి?"

అక్కడ ఆగిపోతే సరిపోయేది. కానీ చిన్న టైలరు మాట మార్చే తొందరలో మూడోది అందుకున్నాడు. "జాకెట్టు. చెప్పిన కొలత నమ్మకు. అంగుళం కలిపి, పాత కొలతేనని చెప్పు."

బ్యాంకు మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి. "పదేళ్లుగా మా కొలతలతో పాటు మా బతుకులు కూడా రాసిపెడుతున్నాడన్నమాట!"

"ఆపరేషనట, రక్తమట!" అన్నాడు హెడ్మాస్టరు. "నా దగ్గర రెండంగుళాల కొవ్వుందటగా, కావాలంటే అదిస్తాను, పట్టుకెళ్లు!"

మూడు రక్తాలు ఒక్క నిమిషంలో పోయాయి. చిన్న టైలరు గుండె జారింది. అయినా వ్యాపారి బుద్ధి జారలేదు.

"నా దగ్గర ఇలాంటివి ఉండవండీ. పొడుగు, వెడల్పు, అంతే. నాకు మీరందరూ ఒకటే."

"ఒకటే కాబట్టే, మూడేళ్ల కిందట నువ్వు కుట్టిన ప్యాంటు ఎనిమిదొందల మంది పిల్లల ముందు చినిగింది. ఇప్పటికీ వీపు చూపించి బోర్డు మీద రాయాలంటే భయం నాకు," అన్నాడు హెడ్మాస్టరు.

అప్పటిదాకా నోరు విప్పని పోస్టుమాస్టరు తన చొక్కా తానే తీసుకుని, చీటీ తానే చదువుకున్నాడు.  తర్వాత పైకి చదివాడు. "భార్య పోయింది. గుండీలు రెండేసిసార్లు కుట్టు. తెగితే కుట్టేవాళ్లు లేరు."

గుండీలన్నీ ఒక్కొక్కటే లాగి చూసుకున్నాడు. ఒక్కటీ కదల్లేదు. చిన్న టైలరు భార్య కుడుతున్న కాజా పక్కన పెట్టి ఇటు చూసింది.

మాంసం కొట్టాయన చప్పుడు చెయ్యకుండా కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందుకెళ్లాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. గడ్డం ఎత్తి చూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "మెడ ఉంది." తర్వాత చిన్న టైలరు వైపు చూసి, మళ్లీ అద్దంలోకి చూసి, గొంతు తగ్గించాడు. "ఆ ముసలాయన పోతే నా మెడ గతేంటి?"

ఎవరి లెక్క వాళ్లకు ఆ క్షణంలోనే తేలింది. హెడ్మాస్టరు కోటు చంకన పెట్టుకుని, "ఎన్నింటికి రావాలి ఆసుపత్రికి?" అన్నాడు. బ్యాంకు మేడమ్ పర్సు సర్దుకుంటూ, "అభిమానం అనుకునేరు, నాకు వేరే టైలరు దొరకడు, అంతే," అంది.

వాళ్లు వెళ్లాక చిన్న టైలరు కూడా కూర్చుని లెక్క వేశాడు. పెద్దాయన పోతే వీళ్లు ఇటు రారు. వీధి చివరి రెడీమేడ్ షాపుకు పోతారు. ఆ తర్వాత ఈ వీధిలో టైలరు ఉన్నాడన్న సంగతే జనం మరిచిపోతారు. ఎటునుంచి కూడినా, పెద్దాయన బతికితేనే తనకు గిట్టుబాటు.

"అయిదోవాడు దొరికాడా?" అడిగింది భార్య.

"దొరికాడు," అన్నాడు చొక్కా చేయి పైకి మడుస్తూ.

రక్తం అందింది. ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు, తొడ దగ్గరికి తీసేశారు. నాలుగో రోజు చిన్న టైలరు వెళ్లేసరికి, పెద్ద టైలరు దుప్పటి పల్లంగా ఉన్నచోట చేయి పెట్టి చూసుకుంటున్నాడు.

"నువ్వెందుకిచ్చావురా రక్తం?"

"నా స్వార్థం కొద్దీ అన్నా. నువ్వు లేకపోతే నా కొట్టూ ఉండదు."

"హమ్మయ్య! ఊరికే ఇచ్చానంటే ఎట్లా తీర్చుకోవాలా అని నిద్ర పట్టలేదు." పెద్దాయన దుప్పటి మీంచి చేయి తీశాడు. "మిషను తొక్కడానికి నాకు కాలు లేదు. మనిషిని చూడ్డానికి నీకు కన్ను లేదు. ఒక కొట్టుకి ఇద్దరం సరిపోతాం. కొలతలు నేను తీస్తా, నువ్వు తొక్కు."

ఇప్పుడు ఇద్దరూ ఒకే కొట్లో కూర్చుంటారు. గిరాకీ ఇద్దరికీ చాలినంత ఉంది. ఎవరి కొట్టు బోర్డు దించాలన్న మాట మాత్రం ఇంకా తేలలేదు.