ఓడకు మంజూరైన విశ్రాంతి

పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ యుద్ధనౌక ఒకటి ఖతార్‌లోని ఉమ్ సలాల్ ఇసుకలో లంగరు వేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సముద్రం కాస్త దూరమే గానీ తెరచాపలకు, కర్ర ఫిరంగులకు ఏ లోటూ లేదు. ఒక పెద్దమనిషి ముచ్చటపడి తన తోటలో కట్టించుకున్న నమూనా అది.

కట్టిన వడ్రంగుల్లో నర్సింలుది జగిత్యాల వైపు పల్లె. అతను విమానమెక్కిన నెలకు పుట్టిన కూతురు సుహాసిని ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది. తండ్రిని ఫోన్లో తప్ప చూడలేదు. సెలవడిగినప్పుడల్లా మేనేజర్ రామకృష్ణారావుగారు ముందు ఓడ పూర్తి కానీ అన్నారు. న్యాయమే కదా.

ప్రారంభోత్సవం నాడు రామకృష్ణారావుగారు అసలు ఓడ చరిత్రను కార్మికులకు తెలుగులో వినిపించారు. ఆ మహానౌక నలభై ఏళ్లు సేవ చేసిందట. ఫిరంగులు రెండుసార్లు పేలాయి, రెండూ రాణిగారి పుట్టినరోజుకే. ఒకసారి ఇసుక మేట ఎక్కితే కెప్టెన్‌కు పతకమిచ్చారు. చివర్లో కొన్నాళ్లు జైలుగా ఉండి, వంటచెరకై తరించింది.

"మూడేళ్లకోసారి ఒడ్డుకు లాగి విశ్రాంతి ఇచ్చేవారు. చెక్కకైనా అలుపుంటుందయ్యా, అదీ క్రమశిక్షణంటే" అని ముగించారు.

చప్పట్లు ఆగాక నర్సింలు లేచాడు.

"నాకు నాలుగేండ్లయింది సార్. నన్ను గూడ జర ఒడ్డుకు గుంజుండ్రి."

కంపెనీ మనసు కరిగింది. ఎండకు పగుళ్లిస్తున్న ఓడకు వెంటనే మూడు నెలల విశ్రాంతి మంజూరు చేసింది. చుట్టూ గుడారం వేసి ఏసీలు పెట్టించింది. గుడారం బయట నర్సింలును కాపలా ఉంచింది. కాపలావాడు కూడా ఓడకు తగ్గట్టుండాలని యజమాని అతనికి కెప్టెన్ టోపీ ఇప్పించాడు.

బిడ్డ నవ్వుతుందని నర్సింలు ఆ టోపీతో ఫొటో దిగి పంపాడు. బిడ్డ నవ్విందో లేదో గానీ, నర్సింలు తల్లి ముత్తవ్వ దాన్ని ఊరంతా చూపించింది. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఊరికి దుబాయే కాబట్టి, నర్సింలు దుబాయ్‌లో ఓడకు కెప్టెన్ అయిండని ఊరు తీర్మానించింది. చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. వీసా ఇప్పించమని రోజుకో ఫోను.

ఓడ విశ్రాంతి ముగిశాక రామకృష్ణారావుగారు నిజంగానే నర్సింలు సెలవు మీద సంతకం పెట్టి, టికెట్టు చేతికిచ్చారు. నర్సింలు దాన్ని తిరిగి ఇచ్చేశాడు.

"ఇప్పుడెట్ల పోవాలె సార్? మా బాపు కెప్టెనని నా బిడ్డ బడిల అందరికి చెప్పుకున్నదట. ఇంకో రెండేండ్లు రాసుకోండ్రి."

ఫ్లెక్సీ ఇంకా చౌరస్తాలోనే ఉంది. శుభాకాంక్షలు తెలిపినవారి ఫొటోలు కింద మూడు వరుసలున్నాయి. ఒకసారి చూసుకోండి, మీదీ ఉండే ఉంటుంది.