వరండాలో తండా

"పటం గీసేవారి యుగం ముగిసింది, పటంలో బతికేవారి యుగం మొదలైంది!" ఊళ్లను కంప్యూటర్ పటంలోకి ఎక్కించే మా భౌగోళిక సమాచార వ్యవస్థ ప్రారంభ సభలో విశాల్ గారు ఈ మాట అనగానే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆ వాక్యం రాసిచ్చింది నేనే కాబట్టి కొంచెం గట్టిగా కొట్టాను.

విశాల్ గారు హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారు. నా పేరు జావేద్, జనగామవాణ్ణి, భూపాలపల్లి అవతల ఒక మండలాఫీసులో ఆయనకు కంప్యూటర్ సహాయకుణ్ణి. శాస్త్రం ఎంత ముందుకు నడిచిందో ఆయన సభకు విడమరిచి చెప్పారు. మొదటి పద్ధతిలో నిపుణులు గదిలో కూర్చుని అంతా ముందే రాసేసి, రాసినట్టే కట్టేవారట. జనాన్ని అడిగేవారు కాదట. రెండో పద్ధతిలో ఒక నమూనా చేసి చూపించి, జనం తల ఊపాక దాన్నే ఖాయం చేసేవారట. ఇప్పుడు వచ్చింది మూడోది, భాగస్వామ్య పద్ధతి. మనమే జనం దగ్గరికి వెళ్లాలి, జనం తమ ఊరిని తామే పటంలో పెట్టుకోవాలి.

వెళ్లాల్సింది వాగు అవతలి గుట్టకింది తండాకు. అది ఇన్నేళ్లూ ఏ పటంలోనూ లేదు. పటంలో ఉంటేనే వాగు మీద వంతెన మంజూరవుతుంది. వంతెన లేదు గనక మా కారు అక్కడికి వెళ్లదు. అందుకని వాగు ఒడ్డుకు రెండు ఆటోలు పంపి, తండానే ఆఫీసుకు పిలిపించాం.

వాగు దాటి, నడుం దాకా తడిసిన బట్టలతో వచ్చిన రాధాబాయి అనే తండా అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టాం.

"అమ్మా, మీ తండాకు ఏం కావాలి?" అన్నారు విశాల్ గారు.

"వంతెన కావాలె సారు. నా కోడలు విజయకు నెలలు నిండుతున్నయి. వాగొస్తే మంచం మీద మోసుకపోవుడే. పోయినేడు ఒకామె నడుమ వాగులనే పానం ఇడిసింది."

నేను ఫారం తెరిచాను. అందులో పార్కు ఉంది, వైఫై ఉంది, వ్యాయామశాల ఉంది. వంతెన లేదు. ప్రజల అవసరాల జాబితాను ప్రజలను అడగకముందే హైదరాబాదులో తయారు చేశారు. "ఇతరములు" నొక్కాను. తర్వాత రాధాబాయి వేలు పట్టుకుని ట్యాబ్ మీద "మా ఊరు" అనే బటన్ నొక్కించాం, ఫొటో తీసుకున్నాం, సమోసాలు పెట్టి పంపించాం.

ఆ బటన్ ఎక్కడ నిలబడి నొక్కితే అక్కడే ఊరుందని ట్యాబ్ నమ్ముతుంది. వారం తిరక్కుండా పటం వచ్చింది. గుట్టకింది తండా మా ఆఫీసు వరండాలో ఉంది! ఆఫీసు నుంచి తండాకు దూరం సున్నా మీటర్లు, కాబట్టి వంతెన అనవసరం. అంబులెన్స్ వాళ్లకూ ఇదే పటం అందింది.

"సరిచేద్దాం సార్. ఒకరు ట్యాబ్ పట్టుకుని వాగు దాటి వెళ్తే చాలు" అన్నాను.

"జావేద్, ఆ చుక్క పెట్టింది ప్రజలు. ప్రజల మాటను మనం దిద్దితే మళ్లీ మొదటి పద్ధతికి పోయినట్టే" అన్నారాయన. బయట వాన పడుతోంది, ఆయన బూట్లు కొత్తవి. నేను వెళ్లొచ్చు. నేనూ వెళ్లలేదు.

వంతెన సంగతి అడగడానికి రాధాబాయి వచ్చింది. పటం చూపించాను. ఆమె వరండా మీది చుక్కపై వేలు పెట్టింది.

"అంటే, ఫోన్ జేస్తే అంబులెన్స్ గీడికొస్తదా బిడ్డా?"

"గీడికే వస్తది అవ్వా."

మర్నాడు పొద్దున్నే విజయను వాగు దాటించి తెచ్చి, వరండాలో చాప పరిచింది. మూడో రోజు నొప్పులు మొదలయ్యాయి. ఫోన్ చేస్తే తొమ్మిది నిమిషాల్లో అంబులెన్స్ వచ్చింది. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. నిజం చెప్పొద్దూ, నాకు కన్నీళ్లొచ్చాయి. విశాల్ గారు మాత్రం "మారుమూల తండాకు తొమ్మిది నిమిషాల్లో అంబులెన్స్: భాగస్వామ్య పద్ధతి ఘనత" అని నివేదిక పంపారు. ఆ ఘనతను కళ్లారా చూడటానికి పై నుంచి ఒక బృందం బయలుదేరింది.

బృందం వచ్చే రోజు పొద్దున చూస్తే వరండాలో కాలు పెట్టే చోటు లేదు. రాధాబాయి ఇంకో ఇద్దరు గర్భిణులను, పక్షవాతం వచ్చిన ఒక ముసలాయనను, పొయ్యి రాళ్లను, నాలుగు మేకలను వెంటబెట్టుకుని వచ్చింది.

విశాల్ గారి గొంతు లేచింది. "ఇదేంటమ్మా, ఆఫీసులో? లేవండి, మీ తండాకు వెళ్లండి."

"గిదే మా తండా సారు. మీ పటంల గట్లనే ఉన్నది."

"పటంలో ఉంటే? మీ తండా ఇక్కడుందా? ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు, గుట్ట కింద ఉంది. మధ్యలో వాగుంది. వాగు మీద వంతెన లేదు. వానొస్తే మనిషన్నవాడు దాటలేడు. నాకు తెలియదనుకున్నావా?"

రాధాబాయి లేవలేదు. నా వైపు తిరిగింది.

"గదే రాసుకో బిడ్డా. సారు మంచిగ చెప్పిండు."

ట్యాబ్ నా చేతిలోనే ఉంది. విశాల్ గారు నన్నే చూస్తున్నారు. గేటు దగ్గర బృందం కార్లు ఆగాయి. నేను ట్యాబ్ ఆపేసి, మేకలను బయటికి తోలడానికి వెళ్లాను.