అమ్ము తొందరపాటుపై విచారణ

భిలాయి సెక్టర్ 7లో నివసించు కుమారి అమ్ము, వయసు మూడేళ్లు, తనకు జారీ అయిన సంజాయిషీ నోటీసుకు ఏడు రోజుల గడువులోగా జవాబివ్వలేదని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. అభియోగం ఒక్కటే. తొమ్మిది నెలల డ్యూటీ ఉండగా, పైవారి అనుమతి లేకుండా, ఏడో నెలలోనే స్థలం విడిచి బయటికి వచ్చేసింది.

అమ్ముకు ఇంకా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. కుక్కర్ విజిల్ వేస్తే రెండు చెవులూ మూసుకుంటుంది. గుమ్మం ముందున్న చెప్పుల్ని చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా పేర్చడం ఆమె దినచర్య. నోటీసును కూడా పొడవు చూసుకుని, కొలత సరిపోయినచోట, తాతయ్య శాండల్స్‌కీ నాన్న బూట్లకీ మధ్య పెట్టింది. దీన్ని కమిటీ ‘నోటీసు అందుకుని కూడా అలక్ష్యం’ అని నమోదు చేసుకుంది.

కమిటీ అంటే ఆషామాషీ కమిటీ కాదు. అధ్యక్షులు సత్యారావు గారు అమ్ముకు సొంత తాతయ్య. ఫ్యాక్టరీ భద్రతా విభాగంలో ముప్పై నాలుగేళ్లు ప్రమాదాల మీద విచారణ నివేదికలు రాసి రిటైరయ్యారు. రాసిన ప్రతి నివేదికలోనూ దెబ్బ తగిలినవాడిదే తప్పని నిరూపించిన ఘనత ఆయనది. కాలిమీద రేకు పడితే కాలు సమయానికి తీయని వాడిది తప్పు. మెట్టు విరిగితే ఎక్కినవాడిది తప్పు. ఇంతటి సర్వీసులో ఒక్క రేకు మీద గానీ, ఒక్క మెట్టు మీద గానీ ఆయన మచ్చ పడనివ్వలేదు.

సభ్యులు కనకరత్నం గారు భిలాయి-3లో ఉంటారు, రైల్వేలో గార్డుగా చేసి దిగారు. మహిళా ప్రతినిధిగా అధ్యక్షుల వారి సతీమణి గౌరీదేవి గారిని నియమించారు. ఆవిడ బాధ్యతలు రెండు: హాజరవడం, టీ పెట్టడం.

అసలు ఇదంతా ఎలా మొదలైందంటే, పిల్లల డాక్టరు మణిమాల గారు అమ్మును పరీక్షించి, ఇది ఆటిజం కావచ్చు, రాయ్‌పూర్‌లో ఒక కేంద్రం ఉంది, అక్కడ చూపించండి, ఎంత త్వరగా మొదలుపెడితే పిల్లకి అంత మంచిది అన్నారు. అమ్ము తల్లి నీలిమ ఐదు నెలలు ఫోన్లు చేయగా చేయగా ఒక తేదీ దొరికింది: వచ్చే నెల పదకొండు. అది తప్పితే మళ్లీ ఆర్నెల్లు. చీటీలో డాక్టరు గారు ‘నెలలు నిండకుండా పుట్టిన పాప’ అని కూడా రాశారు. సత్యారావు గారి కళ్లు ఆ ముక్క దగ్గర ఆగాయి. ముందుగా పుట్టిందంటే సంఘటన జరిగిందన్నమాట. సంఘటన జరిగితే విచారణ జరగాలి. విచారణ ముగిసేదాకా సంఘటనా స్థలాన్ని ఎవరూ కదపకూడదు, అది భద్రతా నియమాల్లో మొదటిది.

స్థలం అంటే అమ్ము.

“మావయ్యా, పదకొండో తేదీకి డేట్ దొరికింది. అప్పటికి మీ జాంచ్, అదే విచారణ, అయిపోద్దా?” అని అడిగింది నీలిమ. ఆమె పుట్టింది ఇక్కడే, రిసాలిలో. హిందీ తొందరగా వస్తుంది, తెలుగు ఆలోచించుకుంటే వస్తుంది.

“జాంచ్‌కి డేట్ ఉండదమ్మా. తప్పెవలిదో తేలాల కదేటి,” అన్నారు సత్యారావు గారు ఎంతో సౌమ్యంగా.

అమ్ము తండ్రి జితేంద్రను కూడా నీలిమ అడిగింది. అతను బాధ్యతగల ఉద్యోగి కనుక కొడుకుగా తండ్రి పక్షం, భర్తగా భార్య పక్షం వహించి, చివరికి ఇద్దరికీ ఉపయోగపడేలా జెరాక్స్ కాపీలు తీయించే పని తీసుకున్నాడు.

ఇక విచారణ ఎంత శాస్త్రీయంగా జరిగిందో చెప్పాలంటే మాటలు చాలవు. మొదటి రోజు కమిటీ రిసాలి రోడ్డులోని స్పీడ్‌ బ్రేకర్‌ను సందర్శించింది, ఎందుకంటే ఆరో నెలలో నీలిమ దానిమీదుగా స్కూటీపై వెళ్లిందని ఒక పొరుగావిడ చెప్పింది. ఎత్తు కొలిచారు. ఫొటో తీశారు. స్పీడ్‌ బ్రేకర్‌ను ప్రశ్నించగా ఎలాంటి తప్పూ కనబడలేదు. రెండో రోజు సాక్షులు. పదకొండు మంది ఆడవాళ్లు వచ్చి పదమూడు కారణాలు చెప్పారు. నీలిమ బొప్పాయి ముక్క తిందని ఒకరు, తినకపోయినా తినాలనుకుందని ఇంకొకరు. గ్రహణం నాడు కూరగాయలు తరిగింది. ఫోన్ పొట్ట మీద పెట్టుకుని వీడియోలు చూసింది. ఏసీలో పడుకుంది. మరీ ఎక్కువ నవ్వింది. బిడ్డ కడుపులో ఉండగా ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ వినిపించడం వల్ల, ఏ భాషలో మొదలుపెట్టాలో తేల్చుకోలేక అమ్ము ఆగిపోయిందని ఒక రిటైర్డ్ టీచరమ్మ చెప్పిన సిద్ధాంతానికి కమిటీ లేచి నిలబడి అభినందనలు తెలిపింది.

కనకరత్నం గారు తన వృత్తి అనుభవాన్ని జోడించారు. “ముప్పై ఆరేళ్లు గార్డుగా చేసినాను సత్యారావు భయ్యా. టైముకంటే ముందొచ్చిన బండి ఒక్కటీ చూడ్నేదు. ఎవలో తప్పు జెండా ఊపీసినారు.” జెండా ఎవరు ఊపారన్న విషయంపై మూడు సమావేశాలు జరిగాయి.

డాక్టరు మణిమాల గారిని కూడా న్యాయంగా పిలిచారు. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఆటిజం మిగతావాళ్లలో కంటే కొంత ఎక్కువగా కనిపిస్తుంది, మరీ ముందుగా పుడితే ఇంకాస్త ఎక్కువ. అయినా అలా పుట్టిన వాళ్లలో చాలామందికి రాదు, నెలలు నిండి పుట్టిన వాళ్లకీ వస్తుంది. ముందుగా పుట్టడమే కారణమా, రెండింటి వెనకా మరేదైనా ఉందా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. తల్లి చేసిన తప్పు మాత్రం ఏమీ లేదు. నీలిమకు బీపీ విపరీతంగా పెరిగితే, ఇద్దరినీ బతికించడానికి డాక్టర్లే ఆపరేషన్ చేసి పాపను బయటికి తీశారు.

“అయితే తప్పెవలిది?” అన్నారు సత్యారావు గారు.

“ఎవరిదీ కాదండి.”

కమిటీ నిర్ఘాంతపోయింది. ఫారంలో ‘బాధ్యులు’ అన్న గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసే పద్ధతి లేదు. అందుచేత డాక్టరు గారి వాంగ్మూలం కింద ‘సాక్షి సూటిగా జవాబివ్వలేదు’ అని రాసుకుని, అమ్ముపై అభియోగానికి ‘బయటివారి సహాయంతో’ అన్న మాటలు చేర్చారు.

నోటీసు గడువు ముగిశాక చిక్కు వచ్చిపడింది. అమ్ము ఏమీ మాట్లాడలేదు కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టే అని అధ్యక్షుల వారు అభిప్రాయపడ్డారు. సంతకం లేనిదే చెల్లదని కనకరత్నం గారు పట్టుబట్టారు. వేలిముద్ర వేయిద్దామంటే అమ్ము స్టాంపు ప్యాడ్ మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి, ఇరవై నిమిషాల పాటు కమిటీని ఆ పనిలోనే ఉంచింది. చివరికి మైనరు తరఫున పర్యవేక్షణ బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తలెత్తింది, దాన్ని వచ్చే నెల పదిహేనుకు వాయిదా వేశారు.

ఆ రోజు పదో తేదీ, రాయ్‌పూర్ వెళ్లాల్సింది మర్నాడే.

నీలిమ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నాదే తప్పు. రాసేయండి మావయ్యా. సైన్ ఎక్కడ పెట్టాల?”

“ఏ తప్పని రాయాల?” అన్నారు కనకరత్నం గారు కలం తీస్తూ.

“పదమూడు ఉన్నాయి కదా. సబ్ లిఖ్ దీజియే. స్కూటీ, బొప్పాయి, నవ్వు, అన్నీ రాసేయండి. కాపీ రేపు ఉదయం లోపల ఇచ్చేయండి, బస్సు ఏడింటికి ఉంది.”

సత్యారావు గారి కళ్లు చెమ్మగిల్లాయి. ముప్పై నాలుగేళ్లలో ఎవరూ తమంతట తాము ఒప్పుకోలేదు, అందరినీ ఆయనే ఒప్పించాల్సి వచ్చింది. కోడలి క్రమశిక్షణను కొనియాడుతూ పది నిమిషాలు ప్రసంగించారు. ఇలాంటి తల్లులుంటే ప్రమాదాలకు భయపడాల్సిన పని లేదన్నారు. జితేంద్ర అప్పటికప్పుడు ఆరు కాపీలు తీయించుకొచ్చాడు. నీలిమ ఆరింటి మీదా సంతకం పెట్టి, “ఇప్పుడు సైట్ కదపొచ్చా?” అని అడిగింది.

కమిటీ ఏకగ్రీవంగా అనుమతించబోతుండగా మహిళా ప్రతినిధి మొదటిసారి నోరు విప్పారు.

“నా పెద్దోడు ఏడో నెల్లోనే పుట్టీసినాడు. రెండ్రోజులు ఉన్నాడు. నాను బిందె ఎత్తినాననీసి మీయమ్మ వీధంతా సెప్పీసింది. అప్పుడు కాయితం నేదు, అంతే తేడా.” గౌరీదేవి గారు టీ గ్లాసులు తీయకుండానే లేచారు. “పిల్లనెత్తుకోడానికి ఒక మనిషుండాల. నానూ ఎల్తన్నాను.”

ఈ మాటలు ఎజెండాలో లేనందున నమోదు కాలేదు.

మర్నాడు ఏడింటి బస్సులో ముగ్గురూ వెళ్లారు. రాయ్‌పూర్‌లో మూడు గంటలు చూసి ఆటిజమే అన్నారు. ఏం చేయాలో కూడా చెప్పారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్తున్నారు. నాలుగు నెలల తరవాత అమ్ము నీళ్లు కావాలంటే గ్లాసు వైపు వేలు చూపిస్తోంది. ఇది ఎవరి తప్పు వల్ల జరిగిందో విచారించమని మాత్రం ఎవరూ కోరలేదు.

ఇక్కడ కమిటీకి పేరు ప్రతిష్ఠలు పెరిగాయి. చుట్టుపక్కల సెక్టర్ల నుంచి, రిసాలి నుంచి కుటుంబాలు ఫైళ్లు పట్టుకుని వస్తున్నాయి. రద్దీ తట్టుకోలేక సత్యారావు గారు ఫారాలు అచ్చు వేయించారు. ‘బాధ్యులు’ అన్నచోట ‘తల్లి’ అని ముందే అచ్చయి ఉంటుంది, సంతకం పెడితే చాలు. ఐదు వందల ఫారాలు పది రోజుల్లో అయిపోయాయి. ఆ పక్కనే నీలిమ రాయ్‌పూర్ కేంద్రం ఫోన్ నంబరు చీటీలుగా రాసి పెట్టింది. అవి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

గౌరీదేవి గారు తిరిగి బాధ్యతలు స్వీకరించనందున కమిటీలో ఒక స్థానం ఖాళీగా ఉంది. అర్హత పరీక్ష సులువు, ఒకటే ప్రశ్న. పైన మణిమాల గారు చెప్పిన దాంట్లో ఒక్క వాక్యం చూడకుండా చెప్పండి. గుర్తు రావడం లేదా? పోనీ, నీలిమ తిన్న పండు పేరేమిటి?

అభినందనలు. సోమవారం నుంచి హాజరు కాగలరు.