మేనేజరు గారి రెండూ ఏడూ

పేకాట మనిషిని బాగుచేస్తుంది!

నవ్వకండి, ఒట్టేసి చెబుతున్నాను. చదువు నేర్పనిదీ, ఏడేళ్ల ఉద్యోగం నేర్పనిదీ నాకు పోకర్ మూడు శుక్రవారాల్లో నేర్పింది. బళ్లో ఎక్కాలకన్నా ముందు పోకర్ చెప్పించాలని ప్రభుత్వానికి ఒక అర్జీ కూడా రాసిపెట్టుకున్నాను.

మాది లిఫ్టులు రిపేరు చేసే కంపెనీ. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తే తిట్లు తినడం నా డ్యూటీ. తిట్ల మధ్యలో సందు దొరికితే అడ్రసు రాసుకుంటాను. నన్ను స్టోర్సు సెక్షన్‌కి మార్చండి మహాప్రభో అని ఏడాదికొకటి చొప్పున ఏడు అప్లికేషన్లు పెట్టాను. అక్కడుండేవి నట్లూ బోల్టులూ. వాటికి నోరు లేదు! ఆ గది కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుంటోందో మా ఆవిడకి తెలుసు. నిద్రలో కూడా "ఏ ఫ్లోరండీ?" అంటున్నానట.

అడిగినప్పుడల్లా మేనేజరు గారు నిబ్బరంగా "పైకి పంపానండీ, చూద్దాం" అనేవారు. పైకి అంటే ఎంత పైకో నేను అడగలేదు. అంత పెద్దమనిషి మాటని అనుమానిస్తే కళ్లు పోవూ?

ఇలా ఉండగా ఆయన ఏదో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చారు. టీమ్ స్పిరిట్ పెరగాలంటే ప్రతి శుక్రవారం మధ్యాహ్నం స్టాఫంతా పోకర్ నేర్చుకోవాల్సిందేనని హుకుం జారీ చేశారు. పందేలన్నీ జెమ్ క్లిప్పులతోనే.

నాకొచ్చింది రమ్మీ ఒక్కటే. ఇక్కడేమో చేతికి రెండే ముక్కలిచ్చారు! మిగతావి పంచడం మరిచిపోయారేమోనని మర్యాదగా ఎదురుచూశాను. ఇంతలో బల్ల మధ్యలో మూడు ముక్కలు తెరిచి పరిచారు. అందులో నాకు కావలసిన రాణి కనబడింది. ఊరుకుంటానా? టక్కున తీసి చేతిలో సర్దుకుని, పనికిరాని నాలుగుని కింద పడేశాను.

"గురువుగారూ, అది అందరి ముక్కండీ!" అని అరిచాడు పెద్ద మెకానిక్.

ఎంత గొప్ప సిద్ధాంతం! చేతిలో ఉన్న రెండే మనవి. మధ్యలో పరిచేవి, మొత్తం ఐదు, అందరివీ. ఆ ఏడింట్లోంచి మంచి ఐదు ఏరుకోవాలి. ఒక జతకన్నా రెండు జతలు మేలు, వాటికన్నా ఒకే రకం మూడు మేలు, అలా మెట్లెక్కుతూ పోవడమే. ధైర్యముంటే పందెం కట్టు, ఇంకా ఉంటే పెంచు, భయమేస్తే ముక్కలు పడేసి తప్పుకో. అన్నిటికన్నా ముద్దొచ్చే రూలు ఇంకోటుంది. మిగిలినవాళ్లందరూ భయపడి తప్పుకుంటే, గెలిచినవాడు తన ముక్కలు ఎవరికీ చూపించనక్కర్లేదు!

ఇక ముఖం సంగతి. అందులో ఏ భావమూ కనబడకూడదట. అద్దం ముందు సాధన చేశాను. భోజనం దగ్గరా చేశాను. కూరలో ఉప్పు లేకపోయినా కనురెప్ప కదపలేదు.

"పన్ను నొప్పా?" అంది మా ఆవిడ.

"కాదు, పోకర్."

"పోకరో పాడో! ఆ ముఖమేసుకుని మా అమ్మవాళ్లింటికి మాత్రం రాకండి. ఎవరో పోయారనుకుంటారు."

మూడో శుక్రవారం నా చేతిలో రెండు రాజులు పడ్డాయి. మధ్యలో ఇంకో రాజు! అందరూ తప్పుకున్నారు, మేనేజరు గారు తప్ప. ఆయన తన క్లిప్పులన్నీ మధ్యలోకి తోసేసి నిబ్బరంగా నావైపు చూశారు. అంత నిబ్బరముందంటే నాకన్నా పెద్ద ముక్కలే ఉండి ఉంటాయనుకున్నాను. బంగారంలాంటి రాజుల్ని బోర్లా పడేసి తప్పుకున్నాను.

తర్వాత పంచే వంతు నాది. ముక్కలు పోగుచేస్తుంటే ఆయనవి కంటబడ్డాయి. ఒక రెండు, ఒక ఏడు! ఒకదానికొకటి పొత్తు లేదు, మధ్యలోవాటితోనూ లేదు. అంతకన్నా చెత్త ముక్కలు పేక మొత్తంలో వెతికినా దొరకవు.

ఇంతకీ ఆ ముఖం నాకు కొత్తదా? ఏడేళ్లుగా "పైకి పంపానండీ" అంటున్న ముఖమే కదా!

నాకు ఒళ్లు మండిపోయింది. "చూపించండి సార్" అన్నాను.

"ఆట అయిపోయిందిగా, ఇంకేం చూపించాలండీ?"

"నా అప్లికేషన్ పైకి పంపిన డిస్పాచ్ నంబరు."

ముఖం కదల్లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆయన టేబుల్ సొరుగు తెరిపిస్తే ఏడు అప్లికేషన్లూ ఒకదాని మీద ఒకటి, మడత నలగకుండా ఉన్నాయి. అసలు పైకి పంపే పనే లేదట, ఆయన సంతకమే చాలట! పదిమందీ చూస్తుండగా పెట్టక చస్తారా? సోమవారం నుంచి నేను స్టోర్సులో ఉన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను!

చూశారా పోకర్ మహిమ! కష్టపడి పనిచేయడం, టైముకి రావడం, పై అధికారిని నమ్మడం, అన్నీ దండగ. రెండు ముక్కలు పట్టుకోవడం నేర్చుకోండి, చాలు.

అయితే మా ఆఫీసుకొచ్చి నేర్చుకుందామంటే మాత్రం కుదరదు. సోమవారం పెద్ద మెకానిక్ తన ప్రమోషన్ సంగతి చూపించమన్నాడు. మంగళవారానికి టైపిస్టూ డ్రైవరూ వాచ్‌మనూ సొరుగు ముందు వరసకట్టి "చూపించండి సార్" అనడం మొదలెట్టారు. బుధవారం ఉదయానికి నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది. ఉద్యోగుల నైతిక విలువలు దెబ్బతింటున్నందున ఆఫీసు ఆవరణలో పేకాట నిషేధమట!

దానికి మాత్రం పది నిమిషాల్లో డిస్పాచ్ నంబరు పడింది.